ఏ సర్వర్‌లో ఉన్నామో ప్రాంప్ట్ చెప్పాలి

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ కంపెనీ ఇంజనీరు ఒకరు డేటాబేస్ ఫోల్డర్ డిలీట్ చేశారు. చేయాల్సింది రెండో సర్వర్‌లో. చేసింది అసలు సర్వర్‌లో! తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీయే మిగిలింది. దాదాపు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. ఆ తర్వాత కంపెనీ రాసుకున్న దిద్దుబాట్లలో ఒకటి, సర్వర్ల మధ్య తేడా తెలిసేలా ప్రాంప్ట్ మార్చడం.

ప్రాంప్ట్ అంటే టెర్మినల్‌లో మనం టైప్ చేసే చోటుకి ముందు కనిపించే చిన్న లైను. కామర్స్ వాళ్ల భాషలో చెప్పాలంటే, లెడ్జర్ పేజీ పైన ఉండే ఖాతా పేరు. అది చూడకుండా ఎంట్రీ వేస్తే ఏమవుతుందో అకౌంట్స్ రాసిన వాళ్లకి తెలుసు. మీ ఇంట్లో లినక్స్, క్లౌడ్ కోర్సు చేస్తున్న పిల్లలుంటే ఈ పని మొదట్లోనే నేర్చుకోమనండి.

ఉబుంటులో మామూలుగా ఉండే షెల్ బాష్. దాని సెట్టింగుల ఫైల్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, పేరు డాట్ బాష్‌ఆర్‌సి. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా కనిపించదు. ఫైల్స్ విండోలో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే బయటపడుతుంది. మాక్‌లో 2019 నాటి కాటలినా నుంచి జెడ్‌షెల్ వస్తోంది, అక్కడ ఫైల్ పేరు డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సి, గుర్తులు కూడా వేరు.

ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత నానో ఎడిటర్‌తో తెరిచి పీఎస్1 అని ఉన్న లైను వెతకండి. ఉబుంటులో అలాంటివి ఒకటికి మించి ఉంటాయి, 32 అంకె ఉన్నది రంగుల లైను. 32 అంటే ఆకుపచ్చ. దాన్ని 31 చేస్తే ఎరుపు. పక్కనున్న బ్రాకెట్లు, బ్యాక్‌స్లాష్‌లు మాత్రం కదపొద్దు, కదిపితే పొడవైన కమాండ్ టైప్ చేసినప్పుడు లైను గజిబిజి అవుతుంది.

ఒక్కోసారి ఫైల్ మార్చినా ఏమీ మారదు. చాలామంది విసుగొచ్చి వదిలేసేది ఇక్కడే. కారణం ఏమిటంటే, ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయితే బాష్ మొదట చూసేది డాట్ బాష్ ప్రొఫైల్, అది లేకపోతే డాట్ బాష్ లాగిన్, అదీ లేకపోతే డాట్ ప్రొఫైల్. డాట్ బాష్‌ఆర్‌సిని కూడా చదవమని అందులో రాసి ఉంటేనే చదువుతుంది. ఉబుంటు ఇచ్చే డాట్ ప్రొఫైల్‌లో ఆ మాట ముందే ఉంటుంది.

ఇంకో సంగతి, ఎరుపు రంగు పెట్టాల్సింది సర్వర్‌లో ఉన్న ఫైల్‌లో, మీ ల్యాప్‌టాప్‌లో కాదు. సేవ్ చేశాక పాత విండో మూసేయకుండా, ఇంకో విండోలో లాగిన్ అయి చూడండి. రూట్ యూజర్‌కి సొంత ఫైల్ వేరే ఉంటుంది, దాన్నీ మార్చాలి. అసలు ప్రమాదమంతా రూట్‌లోనే కదా!