విశాఖపట్నం - గన్నవరం విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణకాలం: ఒక వివరణ

1. ప్రవేశిక

రవాణా, పర్యాటకం, ప్రాంతీయాభివృద్ధి వంటి అంశాలపై వెలువడే వ్యాసాలలో రెండు నగరాల మధ్య దూరాన్ని ఒకే అంకెతో చెప్పి ముందుకు సాగడం తరచుగా కనిపిస్తుంది. ఆ అంకె ఎక్కడి నుండి ఎక్కడికి, ఏ మార్గంలో కొలిచినదో తెలియకపోతే దాని ఆధారంగా చేసే పోలికలు నిలవవు. విశాఖపట్నం, విజయవాడ నగరాల విమానాశ్రయాలను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. దూరం

విమానయానంలో దూరానికి ప్రాతిపదిక మహావృత్త దూరం. భూగోళ ఉపరితలంపై రెండు స్థానాలను కలిపే అతి తక్కువ దూరమిది. విశాఖపట్నం విమానాశ్రయం సుమారు 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశాల వద్ద ఉంది. విజయవాడకు చెందిన గన్నవరం విమానాశ్రయం 16.53, 80.80 డిగ్రీల వద్ద ఉంది. అక్షాంశ భేదమైన 1.19 డిగ్రీలకు, డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 132 కి.మీ. వస్తుంది. రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతాయి కనుక ఈ ప్రాంతంలో రేఖాంశ డిగ్రీ విలువ సుమారు 106 కి.మీ. మాత్రమే. ఆ లెక్కన 2.42 డిగ్రీలకు 257 కి.మీ. వీటిని లంబకోణ త్రిభుజ భుజాలుగా తీసుకుంటే కర్ణం సుమారు 290 కి.మీ., అనగా 157 నాటికల్ మైళ్లు.

ఈ నగరాల మధ్య రైలు మార్గం 350 కి.మీ. అయితే 60 కి.మీ. వ్యత్యాసమంతా పట్టాల వంపుల వల్ల వచ్చినది కాదు. రెండు రైల్వే స్టేషన్ల మధ్య మహావృత్త దూరమే సుమారు 314 కి.మీ. గన్నవరం విజయవాడకు తూర్పున, విశాఖ విమానాశ్రయం ఆ నగర స్టేషనుకు పడమర ఉండటం వల్ల విమానాశ్రయాలు పరస్పరం దగ్గరయ్యాయి. వ్యత్యాసంలో 24 కి.మీ. కొలిచే స్థానాలు మారడం వల్ల, 36 కి.మీ. మార్గం వల్ల ఏర్పడినవి.

3. కాలం

ప్రాంతీయ మార్గాలలో వాడే ఏటీఆర్-72 విమానం గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో పయనిస్తుంది. ఆ వేగంతో 290 కి.మీ.కు 35 నిమిషాలు చాలాలి. కాని విమానాల కాలపట్టికలో చూపే వ్యవధి దాదాపు గంట. కారణం, అది బ్లాక్ టైమ్. విమానం నిలిపిన చోటు నుండి కదిలినప్పటి నుండి గమ్యంలో నిలిచే వరకు పట్టే కాలమిది. రన్‌వే చేరడం, పైకి లేవడం, దిగడానికి వరుసలోకి రావడం ఇందులో భాగాలు. దూరం తగ్గినా ఇవి అంతగా తగ్గవు. అందువల్ల దగ్గరి ప్రయాణాలలో సగటు వేగం పడిపోతుంది.

ఇదే మార్గంలో వందే భారత్ రైలుకు సుమారు నాలుగు గంటలు పడుతుంది. విమానం నాలుగు రెట్లు వేగవంతమనిపిస్తుంది. చెక్-ఇన్‌కు గంట, నగరాల నుండి రాకపోకలకు మొత్తం గంటన్నర అనుకుంటే విమాన ప్రయాణం మూడున్నర గంటలవుతుంది. రైలుకు స్టేషను రాకపోకల కింద గంట కలిపితే ఐదు గంటలు. అప్పుడు ఆధిక్యం ఒకటిన్నర రెట్లకు లోపే.

4. ముగింపు

దూరాన్ని పేర్కొనేటప్పుడు కొలిచిన స్థానాలను, మార్గాన్ని. కాలాన్ని పేర్కొనేటప్పుడు అది గాలిలో గడిపిన కాలమా, బ్లాక్ టైమా, ఇంటి నుండి గమ్యం వరకు పట్టే కాలమా అన్నది పరిశోధకులు స్పష్టం చేయాలి. ప్రయాణికుడు ఎంచుకునేది ఈ మూడవ కాలాన్ని బట్టే. దానిని విస్మరించిన అధ్యయనం ప్రాంతీయ విమానయానానికి లేని గిరాకీని ఊహించే ప్రమాదముంది.