ఆస్ట్రేలియా తుపాకుల నప్పగించిన విధము

మన రైతుల యిండ్లలో కొడవలి యున్నట్లు ఆస్ట్రేలియా పల్లెలలో తుపాకి యుండెడిది. పంటను పాడుచేయు కుందేళ్లను, గొఱ్ఱెపిల్లలను పట్టు నక్కలను కొట్టుటకు అది పనిముట్టు. అట్టి వస్తువును విడిచిపెట్టుమని చెప్పుట యెంత కష్టమో, ఆ దేశము దాని నెట్లు సాధించెనో విద్యార్థులకు తెలుపదలచితిమి.

1996 ఏప్రిలు 28వ తేదీని టాస్మానియాలోని పోర్ట్ ఆర్థరు అను విహారస్థలమున ఒక్కడు 35 మందిని కాల్చి చంపెను. తుపాకులపై శాసనములు చేయు నధికారము ఆ దేశమున రాష్ట్రములది. ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క పద్ధతి. అయినను పండ్రెండు దినములలో, మే 10వ తేదీని, అన్ని రాష్ట్రములును ఒక్క యొడంబడికకు వచ్చినవి. వెంట వెంటనే ప్రేలు తుపాకులు సామాన్యులకు నిషేధింపబడెను. ప్రతి తుపాకిని నమోదు చేయవలెను. క్రొత్తదానిని కొనుటకు 28 దినములు వేచియుండవలెను. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు: తుపాకి యేల కావలెనో తగిన కారణము చూపవలెను, ఆత్మరక్షణము అట్టి కారణముగా నంగీకరింపబడదు.

రైతులును వేటగాండ్రును మండిపడిరి. “నేరము చేసినవా డొకడు, శిక్ష మాకా?” యని వారి వాదము. అందు న్యాయము లేకపోలేదు. ప్రధానమంత్రి జాన్ హవర్డు కూటమికి పల్లెలలోను బలముండెను. ఆయన సేల్ అను నూరిలో వారియెదుట మాటలాడునపుడు కోటు క్రింద గుండు దూరని కవచమును ధరించెను. అట్లు ధరించినందుకు పిమ్మట విచారపడెను.

ప్రభుత్వము తుపాకులను ఊరక లాగికొనలేదు, వెలయిచ్చి కొనెను. అందులకై ప్రజల యాదాయముపై నూటికి 0.2 వంతున ఒక్కమారు అదనపు పన్ను వేసిరి. తుపాకి లేనివారును భారమును పంచుకొనిరి. ఇంచుమించు 6,50,000 తుపాకులు అప్పగింపబడి ధ్వంసమయ్యెను.

పిదప తుపాకి మరణములు తగ్గినవి. అవి యంతకుముందే తగ్గుచుండెననియు, శాసనముయొక్క పాలెంతయో తేల్చుట సులభము కాదనియు కొందఱు పండితు లందురు. కాలక్రమమున తుపాకులు మరల పెరిగినవి. 2025 డిసెంబరులో సిడ్నీలోని బాండై తీరమున మరల నెత్తురు చిందెను.

కావున శాసనము చెఱువుకట్ట వంటిది. ఒకమారు వేసి మఱచినచో గండి పడును. ఏటేట మట్టి వేయువా రుండవలెను. ఆ పని పాలకులది మాత్రమే కాదు, “ఇది నా కేల కావలెను?” అని తన్నుదా నడుగుకొను ప్రతి గృహస్థునిదియు నని మా నమ్మకము.