కథయు చిక్కుముడియు

బేతాళుడు చెప్పిన కథలను చిన్ననాట విననివా రరుదు. శవమును భుజముపై మోసికొని పోవుచున్న విక్రమార్కునకు మార్గాయాసము తెలియకుండ బేతాళు డొక కథ చెప్పును. కథ ముగిసినచోట నొక ప్రశ్న వేయును. ఎరిగియు చెప్పకున్న తల వ్రక్కలగును. చెప్పిన మౌనభంగమై శవము మరల చెట్టెక్కును. ఆ ప్రశ్నను తీసివేసిన కథ సగమైపోవును. కథను తీసివేసిన ప్రశ్నకు రుచియే లేదు. కథకును చిక్కుప్రశ్నకును గల యీ చుట్టరికము మనకు పూర్వపరిచితమే. కంప్యూటరు తెరపై నాడు కొన్ని వీడియో ఆటలలో నది యిప్పుడు మరియొక రూపున కానవచ్చుచున్నది. అట్టి యాటలలో ఆటగాండ్రకు నచ్చున దేమి, విసుగు పుట్టించున దేమి యను విషయమును గూర్చి సోదరీమణులతో నించుక ముచ్చటింప దలచితిమి.

వీడియో ఆట యనగనే తుపాకుల మ్రోతలును, మోటారుబండ్ల పందెములును తలపునకు వచ్చుట సహజము. మేము చెప్పబోవునవి యట్టివి కావు. వీనిలో వేగముతో నంతగా పనిలేదు. తెరపై నొక యూరో, దీవియో, పాడుబడిన మేడయో కనబడును. మనము అందు మెల్లగా తిరిగి, ఎదురైనవారితో మాటలాడి, మూల పడియున్న జాబు చదివి, మూసియున్న తలుపు తీయు నుపాయ మాలోచింపవలెను. ఉపాయము తోచినగాని కథ ముందునకు సాగదు. పొడుపుకథ విప్పినగాని తరువాతి కథ చెప్పనని పట్టుపట్టిన అమ్మమ్మవంటి దీ యాట.

వీనికి మూలపురుషుడు విలియం క్రౌథరను అమెరికా దేశస్థుడు. ఆయన కంప్యూటరు పనివాడే గాక, కెంటకీ రాష్ట్రమందలి మామత్ గుహలలో తిరిగి వాని పటములు గీచిన సాహసికుడు. భార్యతో నెడబాటు కలిగిన పిమ్మట, తన యాడుపిల్లలు ఆడుకొందురని, తా నెరిగిన గుహనే మాటలలో వర్ణించి 1976 ప్రాంతమున నొక యాట కూర్చెను. అందు బొమ్మ యొక్కటియు లేదు. 'ఉత్తరమునకు పొమ్ము', 'దీపము తీసికొనుము' అని ఇంగ్లీషులో నొకటి రెండు మాటలు టైపు చేసినచో, అక్కడ నేమి జరిగినదో యంత్రము వ్రాసి చూపును. మరుసటియేట డాన్ వుడ్సను నాతడు దానిని పెంచగా నది కంప్యూటరు లున్నచోట నెల్ల వ్యాపించెను.

ఆ యాటకు వశులైనవారిలో రాబర్టా విలియమ్సను గృహిణి యొకతె. ఆమె చిన్నబిడ్డల తల్లి. భర్త కెన్ ప్రోగ్రాములు వ్రాయువాడు. ఆమె వంటింటి బల్లపై కాగితములు పరచుకొని యొక హత్యకథను, అందలి చిక్కులను, ఇంటి పటమును తయారుచేసెను. భర్త దానిని యంత్రమున కెక్కించెను. 1980లో వెలువడిన యా 'మిస్టరీ హౌస్' మాటలకు బొమ్మలు తోడైన తొలి కథాక్రీడగా ప్రసిద్ధి కెక్కినది. బొమ్మలన నేటివారు నవ్వునట్టి గీతలే. దానిని ప్లాస్టికు సంచులలో పెట్టి అమ్మిరి. వారి సంస్థయే పిదప సియెరా యను పేర విఖ్యాతమయ్యెను. 1984లో ప్రారంభమైన 'కింగ్స్ క్వెస్ట్' వరుసయు రాబర్టాదే. దాని నాలుగవ భాగమున, 1988లో, రోసెల్లా యను రాకుమారిని కథానాయికగా నిలిపెను. వంటింటి బల్లనుండి యొక పరిశ్రమ కొమ్మలు సాచిన దనుట అతిశయోక్తి గాదు.

ఇక నచ్చు సంగతులు. 1993లో రాండ్ మిల్లరు, రాబిన్ మిల్లరు అను సోదరులు 'మిస్ట్' అను నాటను వెలువరించిరి. ఆడువా రొక నిర్జనద్వీపమున నుందురు. అక్కడికి వారేల వచ్చిరో, ఆ యంత్రము లెందుకో చెప్పు దిక్కు లేదు. గ్రంథాలయమున రెండు పుస్తకములలో బంధింపబడిన యిద్దరన్నదమ్ములు, ఒకరిపై నొకరు నేరము మోపుచు, తమ పుస్తకమునకు చిరిగిన పుటలు తెచ్చి యిమ్మని వేడుకొనుచుందురు. ఎవరి మాట నమ్మవలెను? వారు నివసించిన గదులను, దాచుకొన్న వస్తువులను చూచి మనమే తేల్చుకొనవలెను. ఆట పెట్టెలో నొక తెల్లకాగితముల పుస్తకముకూడ పెట్టి యిచ్చిరి. ఆటగాండ్రు దానిలో గురుతులు, అంకెలు, పటములు వ్రాసికొనుచు రాత్రులు గడపిరి. భార్యాభర్తలు ప్రక్కప్రక్క కూర్చుండి, ఒకరు మీట త్రిప్పగా నొకరు వ్రాసికొనుట కీ యాట మిక్కిలి అనువైనది. 2002లో 'ది సిమ్స్' దానిని మించువరకు కంప్యూటరు ఆటలలో నింతగా నమ్ముడు పోయినది మరియొకటి లేదు.

ఆ యానందమున కసలు కారణము బొమ్మల సొగసు గాదని మా యభిప్రాయము. ఎవరును చెప్పకయే తెలిసికొంటిమను తృప్తియే దానికి మూలము. ఈ తృప్తిని పరాకాష్ఠకు తెచ్చినది లూకస్ పోప్ 2018లో వెలువరించిన 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా దిన్'. 1807వ సంవత్సరమున, ఈస్టిండియా కంపెనీవారి యోడ యొకటి మనుష్య సంచారము లేక రేవు చేరినదనియు, భీమా సంస్థ పక్షమున నష్టమును విచారింప మనము వెళ్లితిమనియు కథ. ఓడలో నున్నవా రరువదిమంది; వారిలో భారతీయ నావికులును కలరు. ఒక చిత్రమైన గడియారము శవముయొక్క కడపటి క్షణమును మాత్రము చూపును. అంతకుమించి సాయము లేదు. ఎవరి పేరేమి, ఎవ రెట్లు పోయిరి? మాట యాసను బట్టియు, ఉయ్యాలపడకకు కట్టిన అంకెను బట్టియు, పడకలోనుండి కనబడు జోళ్లను బట్టియు కనిపెట్టవలెను. గుడ్డిగా చెప్పువారికి అడ్డుకట్టగా, మూడు జవాబులు సరియైనగాని ఆట ఔనని యొప్పుకొనదు. ఇంటిలో నెవరి చెప్పులు గడపలో లేవో చూచి యెవరు బయటికి పోయిరో చెప్పగల గృహిణికి ఈ విద్య క్రొత్తది గాదు. అయినను కడపటి నలుగురైదుగురి పేర్లను ఊహించియే వ్రాయవలసివచ్చినదని విసుగుకొన్నవారును లేకపోలేదు.

విసుగును గూర్చి మరికొంత విపులముగా చెప్పవలసియున్నది.

రాబర్టా విలియమ్స్ త్రోవ వేసినది; ఆ త్రోవలో ముండ్లనుకూడ ఆమెయే పరచినది. 1990 నాటి 'కింగ్స్ క్వెస్ట్' ఐదవ భాగమున, పట్టణ వీధిలో నొక పిల్లి యెలుకను తరుముచు పరుగెత్తును. చూపు కొన్ని క్షణములే. ఆ వేళకు మన యొద్ద పాత బూటుగాని మరియొకటిగాని యుండి, దానిని పిల్లిపై విసరి యెలుకను కాపాడవలెను. కాపాడకున్న నప్పటికి హాని లేదు. కథ సాగుచునే యుండును. ఎంతో దూరము పోయినపిమ్మట దుండగులు మనలను నేలమాళిగలో కట్టివేయుదురు. ఆ యెలుక వచ్చి త్రాళ్లు కొరుకకున్న నక్కడితో మన పని సరి. మొదటినుండి మరల నాడవలసినదే. ఆకలికి తినదగిన మిఠాయి రొట్టెను అట్లే తిన్నవారికి, తరువాత మంచుభూతముపై విసరుటకది లేక మరణమే గతి. పిండివంట తినుట నేరమగునని యెవ రనుకొందురు? పనిపాటలు ముగించుకొని, దినమున కొక గంట సంపాదించి, పదునైదు దినము లాడిన యిల్లాలికి, నీవు మొదటి దినముననే ఓడితివని పదునారవనాడు తెలుపుట న్యాయము గాదు. చిక్కు కష్టముగా నుండవచ్చును, దానినెవరు నాక్షేపింపరు. గడచిన కాలమును దొంగిలించుటనే ఆక్షేపింతురు.

మరియొక విధమైన విసుగు పిల్లివెండ్రుకల మీసము వలన ప్రసిద్ధమైనది. జేన్ జెన్సన్ కథ వ్రాసిన 'గాబ్రియెల్ నైట్' మూడవ భాగము, 1999లో వచ్చినది, మంచి కథయే. ఫ్రాన్సుదేశమందలి యొక కొండయూర నడచును. అందు నాయకుడు స్నేహితుని పేర మోటారుసైకిలు అద్దెకు తీసికొనవలసి, మారువేషము వేయును. కంతకు జిగురుపట్టీ అంటించి, పిల్లిని దానిలోనుండి దూరునట్లు తరిమి, పట్టీకి తగులుకొన్న వెండ్రుకలను పాకముతో మూతికంటించుకొనవలెను. తీరా చూడ, ఆ స్నేహితునకు మీసమే లేదు! కావున వాని పాస్‌పోర్టు పటముపై సిరాతో మీసము గీయవలెను. బుద్ధికుశలతగల వారెవరు నీ జవాబు నూహింపరు. చేతనున్న ప్రతి వస్తువును ప్రతి వస్తువుతో రుద్ది చూచువారికి మాత్రమే దొరకును. ఇట్టి చిక్కు విప్పినపు డానందము రాదు, తలనొప్పి తగ్గినట్లుండును, అంతే.

కంటికిగాని చెవికిగాని లోపమున్నవారి గోడు వేరు. పైన మెచ్చుకొన్న 'మిస్ట్'లోనే, స్వరముల నెత్తును గుర్తించి మీటలు జరుపవలసిన చోటొకటి, ధ్వనులను బట్టి దిక్కు తెలిసికొనవలసిన చీకటి సొరంగ మొకటి కలవు. శ్రుతిజ్ఞానము లేనివారును, చెవులు వినబడనివారును అక్కడ ఆట వదలిరి.

ఈ కష్టములను లోనివారే గుర్తించిరి. రాన్ గిల్బర్టను నాటల రచయిత, ఇట్టి యాటలేల రోత పుట్టించుచున్నవని 1989లో నొక వ్యాసము వ్రాసి, మరుసటి యేట 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్' అను హాస్యకథలో తన మాట చేసి చూపెను. అందు దారి మూసికొనిపోదు, నాయకుడు చావడు. నీటిలో పది నిమిషములు ఊపిరి పట్టగలనని వాడు గొప్పలు చెప్పుకొనును. పది నిమిషములు దాటువరకు మనము ఊరకున్న మాత్రము నిజముగానే చచ్చును. అది గడసరితనము గాని అన్యాయము గాదు. ఆ కాలమున కొన్ని సంస్థలు ఆటనొక వెలకును, జవాబుల పుస్తకమును మరియొక వెలకును అమ్ముచుండెడివి. సియెరావారు జవాబులను రుసుము తీసికొని టెలిఫోనులోకూడ చెప్పిరి. వ్యాధిని మందును ఒకే అంగడిలో నమ్మిన కొనువారికి సందేహము కలుగదా?

జపానులో 2007లో మొదలైన 'ప్రొఫెసర్ లేటన్' ఆటలు వేరొక మార్గము త్రొక్కినవి. ఊరిలో నెవరిని పలుకరించినను ఒక గణితపు చిక్కుప్రశ్న వేయుదురు. తోచకున్న, దాచిపెట్టిన నాణెములనిచ్చి సూచన కొనుక్కొనవచ్చును. ప్రశ్నలు ముచ్చటయైనవే. కాని పెక్కింటికి కథతో సంబంధము లేదు. దారి యడిగినవానిని అగ్గిపుల్లల లెక్క చేయుమనుట కొందరికి వినోదము. కొందరికి భోజనమునడుమ పరీక్షకాగితము.

కథయు చిక్కును విడదీయరాకుండ నల్లిన దానిని చూడగోరువారికి మేము 2023లో వచ్చిన 'వెన్బా'ను చూపుదుము. కెనడాలోని టొరాంటో యందు చిన్న బృంద మొకటి దీనిని చేసినది. 1988లో తమిళనాటినుండి అక్కడికి వలసపోయిన వెన్బా, పావలన్ అను దంపతుల కథ యిది. ఆమె తల్లి యిచ్చిన వంటల పుస్తకము చిరిగి, చెరిగి, కొన్ని పంక్తులు కనబడవు. పోయిన మాటను మనము వంట చేయుచు కనిపెట్టవలెను. ఇడ్లీపాత్రలో రేకులను ఎట్లు పేర్చిన ఆవిరి అన్నిటికి నందును? పుట్టు గొట్టములో నేది ముందు, ఏది వెనుక? మన తెలుగు వంటింటిలో ఇడ్లీ పెట్టిన చేతికి మొదటి ప్రశ్న చిటికెలో పని. విదేశీయుల కది నిజముగా సమస్య. తప్పినను దండనలేదు, మరల చేయవచ్చును. నేపథ్యమున తమిళ చిత్రగీతముల పోకడగల పాటలు రేడియోలో మ్రోగుచుండును. 2024లో నీ యాటకు స్వతంత్ర క్రీడోత్సవమున ప్రధాన బహుమానమును, బ్రిటిషు బాఫ్టావారి తొలికృతి పురస్కారమును లభించినవి.

రెండు గంటలలోపల ముగియుచున్నదని, చిక్కులు సులభములని దీనిపై నాక్షేపణ కలదు. చిక్కుకొఱకే వచ్చినవారికా నిరాశ కలుగుట నిజమే. అయినను ఆ రెండు గంటలలో బిడ్డ పుట్టుట, పెరుగుట, బడికి తీసికొనిపోవు డబ్బాలో తమ వంట పెట్టవద్దనుట, మాతృభాషకు సిగ్గుపడుట, దూరమగుట అంతయు జరిగిపోవును. పెద్దవాడైన పిదప ఆ కవిన్ అమ్మమ్మ పుస్తకమును చేతబట్టి పొయ్యి ముందు నిలుచును. పుటలు చిరిగియుండుట యొక చిక్కు. వానికి తమిళ లిపి సరిగా చదువరాకపోవుట మరియొక చిక్కు. తల్లి చేతిలో మనము క్షణములో విప్పిన వరుసనే, ఆ కుమారుని చేతిలో నున్నపుడు తడుముకొనుచు విప్పవలసివచ్చును.