సముద్రమునకు విత్తనమేది?

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేప తినవలెనన్నది తెలంగాణమున ఇంటింటి ఆచారము. ఆనాడు కరీంనగరపు అంగడిలో కొర్రమీను ధర సామాన్యునికి అందదు. జూన్ 8వ తేదీ ప్రాంతమున వచ్చు ఈ కార్తెనాడు తూర్పుతీరపు మరబోట్లన్నియు రేవులందే కట్టివేయబడి యుండునని మాత్రము మనలో పెక్కురెరుగరు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, పలు జాతుల చేపలును రొయ్యలును గ్రుడ్లుపెట్టు ఋతువని యెంచి, యంత్రముతో నడచు పడవలకు ప్రభుత్వము వేటను నిషేధించినది. తెడ్డుతో నడుపు తెప్పలకు ఈ నిర్బంధము లేదు.

ఇట్టి కట్టుబాటు మనకును క్రొత్త కాదు. మందుగుండు పేల్చియో విషము కలిపియో చేపలను చంపరాదని 1897 నాటి భారత మత్స్య చట్టమే శాసించినది; వల కన్ను ఎంత యుండవలెనో, ఏ కాలమున వేట మానవలెనో నిర్ణయించు అధికారమును గూడ నాటి ప్రాంతీయ ప్రభుత్వముల కిచ్చినది. హైదరాబాదు సంస్థానమున 1357 ఫసలీలో ప్రత్యేక మత్స్య చట్టము వెలసినది.

అయినను మన మానేరు నదికిని సముద్రమునకును ఒక గొప్ప భేదము కలదు. దిగువ మానేరు జలాశయమునందును, ఆదిలాబాదు దిక్కున కడెమునందును గంగపుత్రులును ముదిరాజులును పట్టు బొచ్చ, రవ్వ వంటి చేపలు నిలువ నీట గ్రుడ్లు పెట్టవు; వానికి వరదనీటి పరుగు కావలయును. ఒడిశాలో హీరాలాల్ చౌధురి 1957లో పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి, చెరువులోనే వానిచే గ్రుడ్లు పెట్టించుటచే విత్తనోత్పత్తికి దారి యేర్పడినది. 2016 నుండి తెలంగాణ ప్రభుత్వము చెరువులందు ఉచితముగా చేపపిల్లలను వదలుచున్నది. ఈ సదుపాయమే మనలను కొంత అజాగ్రత్తపరులను చేసినదని నా అనుమానము. సన్నకన్ను వలతో పిల్లలను దేవినను వచ్చే యేడు మరల వదలుదురు గదా యను ధీమా యొకటి పాతుకొన్నది. సముద్రపు చేపలైన వంజరమునకు, చందువాకు, కవళ్లకు అట్టి భరోసా లేదు. ఆ అపారజలరాశిని నింపగల విత్తనశాల లోకమున లేదు. అచట తల్లిచేపయే విత్తనము.

దానిని తుడిచిపెట్టిన ఫలితము కెనడా చూచినది. న్యూఫౌండ్‌లాండ్ తీరమున శతాబ్దములపాటు తరుగదని నమ్మిన కాడ్ చేప, పెద్ద ట్రాలర్ల ధాటికి క్షీణించి, 1992లో వేట నిలిపివేయగా, దాదాపు 30,000 మంది జీవనోపాధి కోల్పోయిరి. ఆ నిషేధమును 2024 వరకు ఎత్తివేయలేదు.

మన దేశపు తీరమున చట్టపు చేయి దూరమునుబట్టి మారును. పండ్రెండు నాటికల్ మైళ్లలోపల రాష్ట్రములది, ఆంధ్రప్రదేశమున 1994 నాటి చట్టము. అటుపై 200 మైళ్లవరకు కేంద్రముది. ఆవల దేశదేశముల ఒడంబడికలే దిక్కు.

నిషేధకాలమున వేట మానిన కుటుంబమునకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025లో 20,000 రూపాయలు ఇచ్చినది. లెక్కించినచో దినమునకు సుమారు 328 రూపాయలు. ఆ మాత్రముతో రెండు మాసములు ఇల్లు గడపుమనుట కఠినమే. ఆ మొత్తమును పెంచవచ్చును గాని నిషేధమును సడలింపరాదని నా తలంపు.