కాన్వాస్ ఇంట్లోనే బిగించుకోండి

షాపులో కొన్న కాన్వాస్ చేతికివ్వగానే చాలామంది పిల్లలు మధ్యలో చిన్నగా ఒక బొమ్మ వేసి, చుట్టూ ఖాళీ వదిలేస్తారు. ఖరీదైన వస్తువు, పాడుచేస్తే అమ్మానాన్నా ఏమంటారోనని భయం. ఒక్కసారి వాళ్లచేతే కాన్వాస్ బిగించి చూడండి. బొమ్మ కుదరకపోతే గుడ్డ ఊడదీసి మరో ముక్క బిగించవచ్చని తెలిశాక కుంచె అంచుల దాకా వెళ్తుంది. ఖర్చు తగ్గుతుందని మాత్రం చెప్పను. చిన్న సైజుల్లో ఒక్కోసారి రెడీమేడే చౌక.

మొదటిసారికి 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవు చాలు. అంగుళంన్నర వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న చెక్క రీపర్లు తీసుకోండి. చెక్క బాగా ఆరినదై ఉండాలి. పచ్చిది తర్వాత మెలితిరిగి, ఫ్రేమ్ గోడకు సరిగ్గా ఆనదు. మూలలు 45 డిగ్రీల్లో కోసే పని కార్పెంటర్‌కు వదిలేయండి.

కోయించేటప్పుడే ఇంకో మాట చెప్పాలి. గుడ్డ చెక్క మీద మొత్తం పరుచుకోకూడదు, ముందువైపు బయటి అంచుకు మాత్రమే తగలాలి. చదును చెక్క మీద బిగిస్తే, కుంచె ఒత్తినప్పుడల్లా చెక్క లోపలి అంచు బొమ్మలో గీతలా తేలుతుంది. పైన ఎంత రంగు వేసినా ఆ గీత పోదు. అందుకని ముందువైపు లోపలికి వాలుగా చిత్రిక పట్టమనండి. అది కుదరకపోతే బయటి అంచు వెంట సన్నటి బీడింగ్ అతికించినా సరిపోతుంది.

మూలలను ఫెవికాల్‌తో అతికించాక, జిగురు ఆరకముందే టేపు పిల్లలకివ్వండి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిస్తే 20 అంగుళాలు రావాలి, రెండో కర్ణమూ అంతే రావాలి. తేడా ఉంటే ఫ్రేమ్ వంకర పోయినట్టే, కాస్త నొక్కి సర్దుకోవచ్చు. సరిగ్గా 20 ఎందుకు రావాలో పైథాగరస్ చదివిన పిల్లల్ని అడగండి. తర్వాత ఒక రాత్రి కదపకుండా ఉంచి, మూలల వెనక ఎల్ ఆకారపు క్లిప్పులు బిగించండి.

గుడ్డ విషయానికొస్తే, మీటరు లెక్కన అమ్మే నూలు కాన్వాస్ చాలు. ఒకప్పుడు వెనిస్ నగరంలో సముద్రపు చెమ్మకు గోడచిత్రాలు నిలవక, చిత్రకారులు ఓడల తెరచాపల కోసం నేసిన గుడ్డ మీదికి మళ్లారు. గుడ్డను అన్నివైపులా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా, అంటే 18కి 22 అంగుళాలు కోయండి. నేత దారాలు చెక్కకు తిన్నగా రావాలి.

ఇక అసలు పనికి నాలుగు చేతులు కావాలి. పిల్లలు గుడ్డ లాగి పట్టుకుంటే మీరు స్టేప్లర్ గన్‌తో పిన్ను కొట్టండి. గన్ మాత్రం వాళ్ల చేతికివ్వొద్దు. మొదట ఒక పొడవు వైపు నట్టనడుమ ఒక పిన్ను. ఎదుటి వైపు గట్టిగా లాగి అక్కడా నడుమ ఒకటి. తర్వాత మిగతా రెండు వైపులా అలాగే. ఇప్పుడు గుడ్డ మీద డైమండ్ ఆకారంలో ముడతలు కనిపిస్తాయి, కంగారుపడకండి, అలాగే రావాలి. అక్కడి నుంచి మూలల వైపు జరుగుతూ, రెండేసి అంగుళాలకు ఒక పిన్ను చొప్పున, ప్రతిసారీ ఎదుటి వైపుకు మారుతూ కొట్టండి. ఒక వైపంతా ముగించి రెండో వైపుకు వెళ్తే గుడ్డ అలలు తేలుతుంది. ఇంట్లో నవారు మంచం అల్లిన తాతయ్యో నానమ్మో ఉంటే పిలవండి. ఎక్కడ బిగువు తగ్గిందో చేత్తో తడిమి చెప్పేస్తారు. మూలలు పుస్తకానికి అట్ట వేసినట్టే మడవాలి. వేలితో తడితే డప్పులా పలకాలి.

బిగించిన గుడ్డ మీద నేరుగా రంగు వేయకూడదు. నూలు రంగును పీల్చేస్తుంది. ఆయిల్ రంగులైతే అందులోని అవిసె నూనె ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డనే పెళుసుగా మార్చేస్తుంది. గుడ్డకూ రంగుకూ మధ్య ఒక పొర ఉండాలి. మన చేర్యాల నకాషీ కళాకారులు ఖద్దరుకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూతలు వేసేది ఆ పొర కోసమే. మనకు షాపులో గెస్సో దొరుకుతుంది. పలుచగా ఒకసారి నిలువుగా, అది ఆరాక 220 నంబరు ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, మరోసారి అడ్డంగా పూయించండి. తడికి గుడ్డ ఇంకాస్త బిగుసుకుంటుంది. ఇంట్లో మిగిలిన గోడ ప్రైమర్ పనికిరాదా అని కొందరు అడుగుతుంటారు. అది కదలని గోడ కోసం చేసింది. గుడ్డ కదిలినప్పుడు పగుళ్లివ్వొచ్చు.

యాక్రిలిక్ రంగులైతే మర్నాడే మొదలుపెట్టొచ్చు, ఆయిల్ రంగులకు మూడు రోజులు ఆగండి. ఈలోగా వెనక చెక్క మీద పేరూ తేదీ పెన్సిల్‌తో రాయించండి. మిగిలిన గుడ్డ పేలికలు పారేయకండి. వాటికీ గెస్సో పూస్తే, రంగులు కలిపి చూసుకోవడానికి పనికొస్తాయి.