కాపురమునకు ముందు ఊరు చూచుట

ఉద్యోగరీత్యానో, వ్యాపారరీత్యానో, పిల్లల చదువుల కొరకో ఒక ఊరు విడిచి మరియొక ఊరికి తరలిపోవుట సామాన్యమైన సంగతి. ఐనను సామానులు కట్టుటయందు మనము చూపు శ్రద్ధలో పదియవ వంతైనను, వాటిని దింపబోవు తావును గూర్చి చూపము. ఇల్లు విశాలముగా ఉన్నదా, అద్దె ఎంత అను రెండు ప్రశ్నలతో విచారణ ముగించి అడ్వాన్సు చేతిలో పెట్టుదుము. ఇల్లు చూచినంత మాత్రమున చాలదు. ఇల్లు నిలిచిన నేల ఎట్టిదో, ఆ ఇంటినుండి బడికి పోవు దారి ఎట్టిదో కూడ చూడవలెను. విజయవాడకును, కృష్ణా డెల్టాకును క్రొత్తగా వచ్చువారికి ఈ మాట మరింత వర్తించును.

ఆంధ్రులకు తరలింపులు క్రొత్త కావు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఉద్యోగులు మద్రాసునుండి కర్నూలు చేరి గుడారములలో కచేరీలు నడపిరి. మూడేండ్లు గడచినంతనే, 1956లో, హైదరాబాదు చేరిరి. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము విభజింపబడిన పిమ్మట, 2016లో సచివాలయోద్యోగులు వెలగపూడికి రావలసివచ్చెను. కార్యాలయము కృష్ణకు దక్షిణముగా పొలముల నడుమ నున్నది. అద్దె యిండ్లును, పేరున్న బడులును విజయవాడ, గుంటూరు, మంగళగిరులలో నున్నవి. పిల్లల చదువు నడిమధ్య తెగిపోవునను భయముతో అనేకులు కుటుంబములను హైదరాబాదుననే ఉంచి, తాము మాత్రము వచ్చిరి. వారికొరకు ఐదు దినముల పనివారము ఏర్పడెను. లింగంపల్లి, విజయవాడల నడుమ రైలు నడచెను. తండ్రి ఒకచోట, బిడ్డలు ఒకచోట గడపిన ఆ యేండ్లు చెప్పు పాఠ మొక్కటే: మనిషి ఒక్క దినములో తరలిపోగలడు, కాపురము అట్లు తరలదు. దానికి ముందుచూపు కావలెను.

ముందుగా నేల సంగతి. నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అని మన పెద్దలమాట. విజయవాడలో నీరెరిగిన పల్లమును ఇల్లు చూచువాడును ఎరిగియుండవలెను. ఈ నగరమునకు దక్షిణమున కృష్ణ. పడమట ఇంద్రకీలాద్రి మొదలగు కొండలు. ఊరి నడుమ ఏలూరు, రైవస్, బందరు కాలువలు. ఉత్తరమున బుడమేరు. క్రొత్తవారు కృష్ణను చూచి భయపడుదురు. బుడమేరును చూచి మురుగుకాలువ యనుకొందురు. ఏడాదిలో అధికభాగము అది అట్లే కనబడును. కాని మైలవరము వైపు కొండలలో కుంభవృష్టి కురిసినప్పుడు ఆ నీరంతయు ఈ వాగున పడి కొల్లేటివైపు పరుగెత్తును. దానిని విజయవాడ దుఃఖదాయిని యని పిలుచుట ఊరక కాదు.

2024 సెప్టెంబరులో జరిగినది ఇందుకు నిదర్శనము. ఆ నెల 2వ తేదీన ప్రకాశం బ్యారేజీవద్ద కృష్ణ ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరెను. ఏటియొడ్డుననే ఉన్న కృష్ణలంకను క్రొత్తగా కట్టిన రక్షణగోడ చాలవరకు కాపాడెను. కాని ఏటికి దూరముగా ఉన్న అజిత్‌సింగ్‌నగరు, పాయకాపురము, రాజరాజేశ్వరిపేట మున్నగు పేటలు, బుడమేరు మళ్లింపుకాలువ గట్టు తెగుటచే, మునిగిపోయెను. క్రిందియంతస్తువారు పైయంతస్తులకెక్కి, పాలకును త్రాగునీటికిని పడవలకొరకు ఎదురుచూచిరి. కొన్ని పల్లపుచోట్ల వారము గడచినను నీరు పూర్తిగా తీయలేదు. 2005లో కూడ బుడమేరు ఈ పేటలను ముంచినదే. ఆ సంగతి ఇల్లు చూపిన దళారి చెప్పడు. అడుగనిదే ఇరుగుపొరుగువారును చెప్పరు.

ఇంతమాత్రముచే ఆ పేటలలో ఎవరును కాపురముండరాదని తాత్పర్యము కాదు. వేలకొలది కుటుంబములు అచట జీవించుచున్నవి. చాలమంది తమ సంపాదనకు అందిన అద్దెనుబట్టి అచట చేరినవారే. తెలిసి చేరుట వేరు, తెలియక చేరుట వేరు. తెలిసినవాడు పైయంతస్తు కోరును. దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు అటకపై పెట్టుకొనును. డాబామెట్ల తలుపు తాళము ఎవరియొద్ద నుండునో మొదటి దినముననే అడిగి తెలిసికొనును.

పల్లము తెలిసికొనుటకు పెద్దవిద్య అక్కరలేదు. గోడలపై పాత నీటిచార ఎంత ఎత్తున నున్నదో చూడుడు. వీధికంటె ఇంటి అరుగు ఎత్తుగా నున్నదా, లేక రోడ్డు మీద రోడ్డు వేయగా ఇల్లే గుంటలో పడినదా గమనింపుడు. విద్యున్మీటరు మోకాలియెత్తున నున్నదా, తలయెత్తుననా చూడుడు. పాలవానిని, ఇస్త్రీబండివానిని, ఆటోవానిని, వీధిమూల కిరాణాకొట్టువానిని అడుగుడు: 2024లో నీరు ఎంతవరకు వచ్చినది? వారికి ఇల్లు అద్దెకిచ్చు లాభము లేదు గనుక ఉన్నమాట చెప్పుదురు. పేర్లు కూడ సాక్ష్యమిచ్చును. లంక, చెరువు, గుంట యను మాటలు పేటపేరులో వినబడినచో, ఆ నేల ఒకప్పుడు నీటిదేమోనని విచారింపవలెను.

కొండపై మెరకకు పోయినచో భయము లేదనుకొనరాదు. 2024 ఆగస్టు 31వ తేదీన మొగల్రాజపురమున కొండచరియ విరిగి ఇండ్లపై పడి ప్రాణనష్టము కలిగెను. కొండను తొలిచి కట్టిన యింటివెనుక రాయి ఎట్లున్నదో, వాననీరు ఏ దారిన దిగునో చూచియే ముందుకు పోవలెను.

తూర్పున గుడివాడ, మచిలీపట్నము వైపు పోవువారికి వేరొక ప్రశ్న కలదు. సముద్రము దగ్గరపడినకొలది బోరునీరు ఉప్పనగును. పెక్కు గ్రామములకు కాలువనీటితో నింపుకొను చెరువే దిక్కు. ఎండకాలమున కాలువలు కట్టివేసినప్పుడు ఆ చెరువు నీరు ఎన్నాళ్లు వచ్చునో మే నెలలో అడిగిన సమాధానమే నమ్మదగినది. దివిసీమకు పోవువారు 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనను మరువక, దగ్గరలోని తుపాను ఆశ్రయము ఏదో ముందే చూచుకొనవలెను.

ఇక బడి సంగతి. విజయవాడ చదువులకు పేరుపొందిన నగరము. ర్యాంకుల ప్రకటనలు గోడలనిండ కనబడును. కాని ఆటస్థలమున్నదో లేదో, పిల్లలు రాత్రి ఎన్నిగంటలు నిదురింతురో ఆ గోడ చెప్పదు. బడి విడుచు వేళకు పోయి గేటుముందు అరగంట నిలిచి, బయటికి వచ్చు పిల్లల ముఖములు చూచినచో కొంత తెలియును. దూరమును మైళ్లలో గాక నిమిషములలో లెక్కించుడు. ఉదయము ఎనిమిదిగంటలకు బెంజిసర్కిలు దాటుట ఒక లెక్క, మధ్యాహ్నము దాటుట వేరొక లెక్క. నడుమ కాలువ వంతెన, రైలుపట్టాలు ఎన్ని దాటవలెనో బిడ్డచేయి పట్టుకొని ఒకసారి నడచి చూడుడు.

చట్టమును కూడ కొంత తెలిసియుండుట మంచిది. 2009నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఎనిమిదవ తరగతివరకు ఏ బడియును చేర్చుకొనుటకు ప్రవేశపరీక్ష పెట్టరాదు, విరాళము అడుగరాదు. పాతబడినుండి బదిలీ సర్టిఫికెట్టు ఆలస్యమైనదని క్రొత్తబడిలో చేర్చుకొనుట ఆలస్యము చేయరాదు. పెద్దతరగతుల పిల్లలయెడ మరియొక జాగ్రత్త కావలెను. ఏ ప్రాంతమున వరుసగా ఎన్నేండ్లు చదివిరన్నది స్థానికత నిర్ణయమున ముఖ్యము. రాష్ట్రవిభజన పిమ్మట మూడేండ్లలోపల తరలివచ్చినవారిని స్థానికులుగా పరిగణించునట్లు ప్రత్యేకముగా ఉత్తర్వు చేయవలసివచ్చెను. పిమ్మట ఆ గడువు పొడిగింపబడెను. కనుక హైస్కూలు పిల్లవానిని రాష్ట్రము మార్చుటకు ముందు ఈ నియమములు కనుగొని, చదివిన ప్రతి తరగతికిని స్టడీ సర్టిఫికెట్టు తెచ్చుకొనవలెను.

ఇల్లు కొనదలచినవారు నేలతోపాటు కాగితములను కూడ చూడవలెను. రిజిస్ట్రారు కార్యాలయమున ఈ.సి. తీయించి, వెనుకటి లింకు దస్తావేజులు న్యాయవాదికి చూపుడు. నేల చెరువు పోరంబోకు కాదని, నిషేధిత జాబితాలో లేదని రూఢిచేసికొనుడు. ప్లానునకు అనుమతి నగరపాలకసంస్థదా, సి.ఆర్.డి.ఏ.దా, ఆ ప్లాను ప్రకారమే కట్టిరా యని విచారింపుడు.

చివరకు ఒక్క సలహా. ఊరు మూడుసారులు చూడవలెను: మే నెల మిట్టమధ్యాహ్నమున ఒకసారి, జోరువాన కురియునప్పుడొకసారి, రాత్రి తొమ్మిదిగంటల వేళ ఒకసారి. అన్నిసారులు రాలేనివారు మొదటి ఏడాది అద్దెకుండుట మేలు. అద్దెయిల్లు నచ్చనిచో రెండు నెలల అద్దె నష్టముతో బయటపడవచ్చును. కొన్న యిల్లు పల్లమున పడినచో నష్టము జీవితకాలము వెంటాడును. ఒక వానకాలము ఆ వీధిలో గడపి, నీరు ఏ వైపు పోవునో కన్నులార చూచిన పిమ్మటనే బయానా ఇచ్చుట క్షేమము.