ఎండిన గడి లెక్క: మోడ్‌ఫ్లో కథ

కర్నూలు, కడప సీమల్లో బోరు బండి వెళ్ళిపోయాక ఊరంతా అడిగే మాట ఒకటే: “ఎన్ని ఇంచులు పడ్డాయి?” ఒకటిన్నర, రెండు అంటే ఆ ఇంటికి ధైర్యం. ఏమీ పడకపోతే ఇంకో పాయింటు, ఇంకో అప్పు. పక్క చేనులో కొత్త బోరు పడితే పాతదానికి ఎంత దెబ్బ, ఈ వాగు కింద బోర్లన్నీ కలిసి తోడేదెంత, వాన ఇచ్చేదెంత? ఇది ఏ రైతూ తన గట్టు మీద నిలబడి ఒంటరిగా తేల్చుకోగలిగిన లెక్క కాదు. ఆ లెక్క తేల్చడానికి ఫోర్ట్రాన్ భాషలో రాసిన యంత్రం ఒకటి నలభై ఏళ్ళుగా పనిచేస్తోంది. దాని పేరు మోడ్‌ఫ్లో.

దాని మూలం ఫ్రాన్సులోని దిజోన్ నగరంలో ఉంది. అక్కడి ఇంజనీరు హెన్రీ డార్సీ నిలువు గొట్టంలో ఇసుక నింపి నీళ్ళు వదిలాడు. పైమట్టానికీ కిందిమట్టానికీ తేడా పెరిగేకొద్దీ పారే నీరు అదే నిష్పత్తిలో పెరిగింది, ఇసుక పొడవు పెరిగితే తగ్గింది. ఆ సూత్రం 1856లో అచ్చయింది. మన దగ్గర తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప వైపు కె.సి. కాలువ తవ్వకం మొదలైంది ఆ తర్వాతి దశాబ్దంలోనే. 1935లో అమెరికాలో సి.వి. థైస్ ఇంకో మెట్టు ఎక్కాడు. బావి తోడుతూ ఉంటే చుట్టూ నీటిమట్టం ఎంత దూరంలో, ఎన్ని రోజులకు, ఎంత దిగుతుందో సమీకరణం రాశాడు.

ఒక్క బావికైతే ఆ సమీకరణం చాలు. వందల బావులు, కాలువ, వాగు, వాన కలిసినప్పుడు కాగితం మీద లెక్క సాగదు. అందుకే 1950, 60 దశకాల్లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ శాస్త్రవేత్తలు నేలను కరెంటు తీగలతో కట్టారు. పెద్ద పలక మీద వేల రెసిస్టర్లు, కెపాసిటర్లు అతికించేవారు. రాయి నీటిని ఎంత అడ్డుకుంటుందో రెసిస్టరు చెప్పాలి, ఎంత దాచుకుంటుందో కెపాసిటరు చెప్పాలి. వోల్టేజి అంటే నీటిమట్టం, కరెంటు అంటే నీటి పారుదల. ఫీనిక్స్ నగరంలో హెర్బర్ట్ స్కిబిట్స్కీ నడిపిన ప్రయోగశాల ఈ పనికి పేరుపొందింది. ఒక్కో లోయకూ ఒక్కో పలక. ఇంకో లోయ కావాలంటే మళ్ళీ మొదటి నుంచి టంకం వెయ్యాల్సిందే.

కంప్యూటర్లు వచ్చాక ఆ పలకల స్థానంలో, నేలను ముక్కలుగా విడదీసిన అంకెల గడులు వచ్చాయి. 1970 దశకంలో ఆ సంస్థలోనే అలాంటి ప్రోగ్రాములు కొన్ని పుట్టాయి. వాటన్నిటినీ కొత్తగా ఒక పద్ధతిలో పెట్టి మైఖేల్ మెక్‌డొనాల్డ్, ఆర్లెన్ హార్బా రాసిన ప్రోగ్రాము 1984లో బయటికి వచ్చింది. నదికి ఒక ప్యాకేజీ, బావులకు ఒకటి, వాన ఊటకు ఒకటి. ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు, అక్కర్లేనిది వదిలెయ్యవచ్చు. ప్రజల డబ్బుతో రాసింది కాబట్టి ప్రజలకే ఉచితంగా ఇచ్చారు. నంద్యాలలో చదివే డిగ్రీ విద్యార్థికీ, పెద్ద కన్సల్టెన్సీ కంపెనీకీ ఈ రోజు దొరికేది ఒకే కోడు. ఈ యంత్రం ఇంతకాలం బతకడానికి అసలు కారణం ఆ నిర్ణయమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇన్‌స్టాల్ చెయ్యడం తేలిక. ఇప్పటి రూపం మోడ్‌ఫ్లో 6. సంస్థ సైటు నుంచి జిప్ ఫైలు దించుకుని విప్పితే చాలు, సెటప్ విజార్డు ఏదీ ఉండదు. ఫోల్డరు పేర్లలో ఖాళీలు లేకుండా చూసుకోవాలి. ప్రోగ్రాము ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలిసేలా పాత్‌లో చేర్చాలి. తర్వాత ఉదాహరణల ఫోల్డరులో ఒకదాన్ని తెరిచి నల్లటి కమాండు కిటికీలో ఎమ్ఎఫ్6 అని కొట్టాలి. ‘నార్మల్ టెర్మినేషన్’ అని చివరి వరుస కనిపిస్తే యంత్రం నడుస్తున్నట్టు. బొమ్మల మీద గీస్తూ పని చెయ్యాలనుకునేవాళ్ళకు అదే సంస్థ ఉచితంగా ఇచ్చే మోడల్‌మ్యూజ్ ఉంది. దాన్ని వేసుకున్నాక, మోడ్‌ఫ్లో ఏ ఫోల్డరులో ఉందో దాని మెనూలో ఒకసారి చూపించాలి. పైథాన్ వచ్చినవాళ్ళకు ఫ్లోపై ఉంది.

అసలు సెటప్ ఆ తర్వాత మొదలవుతుంది. మన సీమలో మొదటి మెలిక పటంలోనే ఎదురవుతుంది. మీటర్లలో పటం గీయడానికి వాడే యూటీఎం పద్ధతిలో 78 డిగ్రీల రేఖాంశం దగ్గర మండలం (జోన్) మారుతుంది. ఆ గీత కర్నూలు నగరానికి కాస్త పడమరగా పోతుంది. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ 43వ మండలంలో పడతాయి. నంద్యాల, ప్రొద్దుటూరు, కడప 44లో. ఆదోని బోర్ల జాబితా ఒక మండలంలో, నంద్యాల జాబితా ఇంకో మండలంలో తీసుకుని కలిపేస్తే, పక్కపక్క ఊళ్ళ బావులు ఆరు వందల కిలోమీటర్లకు పైగా ఎడంగా వెళ్ళి కూర్చుంటాయి. అందుకే గడులు గీసే ముందే అన్నిటినీ ఒకే మండలంలోకి మార్చుకోవాలి.

తర్వాత బావుల ఫైలు. సెకనుకు 2 లీటర్లు పోసే మోటారు రోజుకు 7 గంటలు ఆడితే 50.4 ఘనపు మీటర్లు. ఫైల్లో దాన్ని మైనస్ 50.4 అని రాయాలి, ఎందుకంటే మోడ్‌ఫ్లో దృష్టిలో తోడేది మైనస్, నేలకు పోసేది ప్లస్. ఆ చిన్న గీత మరిచిపోతే బోర్లన్నీ నేలలోకి నీళ్ళు పోస్తాయి, కరువు సీమ పచ్చగా కనిపిస్తుంది, ప్రోగ్రాము మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పదు. చివర్లో అది ఇచ్చే జమాఖర్చు పట్టీలో తేడా సున్నా శాతం అని ఉన్నా మురిసిపోకూడదు. ఆ సున్నా చెప్పేది కూడికలు సరిపోయాయని మాత్రమే.

ఈ యంత్రానికి ఒక లోపం చాలాకాలం ఉండేది. మన సీమకు అది ప్రాణం మీది లోపం. నీటిమట్టం గడి అడుగుకు దిగిపోతే పాత మోడ్‌ఫ్లో ఆ గడిని ‘ఎండిపోయింది’ అని లెక్కలోంచి తీసేసేది. అందులో ఉన్న బావి కూడా దానితోపాటే మాయం. అంటే ఎండాకాలంలో పైపొర ఎండగానే, ఆ ఊరి తోడకం ఖర్చులోంచి చెరిగిపోయి, మిగతా నేలలో నీళ్ళు ఎక్కువున్నట్టు కనబడేది. మొదట్లో, వాన పడినా ఆ గడి మళ్ళీ తడవడానికి దారే లేదు. 1991లో తిరిగి తడిపే ఏర్పాటు వచ్చింది, కానీ లెక్క కుదురుగా నిలిచేది కాదు. 2011లో వచ్చిన మోడ్‌ఫ్లో-ఎన్‌డబ్ల్యూటీ గడిని తీసెయ్యకుండా, నీళ్ళు తగ్గేకొద్దీ పారుదలను క్రమంగా తగ్గించే పద్ధతి తెచ్చింది. మోడ్‌ఫ్లో 6లో దానికోసం నేమ్ ఫైల్లో ‘న్యూటన్’ అనే ఒక్క మాట చేర్చాలి. బావుల ప్యాకేజీలో ఇంకో ఐచ్ఛికం పెడితే, నీళ్ళు అందక మోటారు తోడకం ఎంత తగ్గిందో కూడా చెబుతుంది. రాయలసీమకు మోడల్ కట్టేవాళ్ళు ఈ రెండూ పెట్టకుండా మొదలుపెట్టకూడదు.

ఎందుకంత పట్టింపో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. హైదరాబాదు దగ్గరి మహేశ్వరంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి 53 చదరపు కిలోమీటర్ల గ్రానైటు నేలను ఏళ్ళ తరబడి కొలిచారు. ఆ రాతిలోంచి చేతికొచ్చే నీరు దాని పరిమాణంలో 1.4 శాతం దగ్గర తేలింది. పత్తికొండ, ఆదోని వైపు ఉన్నదీ అలాంటి గట్టిరాయి నేలే. ఆ అంకెతో చూస్తే, చదరపు కిలోమీటరు మేర నీటిమట్టం మీటరు దిగితే వచ్చే నీరు 14,000 ఘనపు మీటర్లు. ఒక హెక్టారు వరి పైరుకు 12,000 దాకా పోతుంది. అంటే వంద హెక్టార్ల నేల కింద మీటరు లోతు ఖాళీ చేస్తే ఒక హెక్టారుకు కాస్త పైన వరి పండుతుంది. 1.4 బదులు పుస్తకంలో ఇసుక నేలలకిచ్చే 15 శాతం రాసినవాడి మోడల్లో పది రెట్లు నీళ్ళుంటాయి. ఆ కాగితం చూసి ఎవరైనా బోర్లు వేయిస్తే ఆ అప్పు తీర్చేది రైతు.

కాబట్టి అంకెలు ఎవరు కొలిచారన్నది ముఖ్యం. 2004 నుంచి రాష్ట్రంలో సాగుకు ఉచిత కరెంటు. తోడకం ఎంతో చెప్పే మీటరు లెక్క చాలాకాలం లేదు. ఈ లోటు ఎలా తీరుతుందో ఈ జిల్లాల రైతులే చూపించారు. 2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో, నంద్యాల ప్రాంతపు బర్డ్స్ సంస్థ నడిపించగా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడు నిలవగా, కర్నూలు, కడప సహా ఏడు జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్ళ ఆడవాళ్ళూ మగవాళ్ళూ కొలతలు తీశారు. పదిహేను రోజులకోసారి పరిశీలన బావుల్లో నీటిమట్టం. రోజూ వానమాపకం. డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి మోటారు పోత. వాటిని ఊరి గోడ మీద రాసి, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, ఏ పైరుకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నారు. ఎవరి మీదా ఆంక్ష పెట్టలేదు. ప్రపంచబ్యాంకు 2010లో వేసిన నివేదికలో ఈ పనిని ప్రత్యేకంగా చెప్పుకుంది. నా దృష్టిలో మోడ్‌ఫ్లో బావుల ఫైలుకు ఇంతకంటే నమ్మదగిన ముడిసరుకు లేదు.

కొలతలెన్ని ఉన్నా డార్సీ సూత్రానికి లొంగని నేల మన దగ్గరే ఉంది. ఇళ్ళలో పరిచే నాపరాయి పుట్టిన నార్జి సున్నపురాయి పొరల్లో నీరు రాయిని కరిగించి సొరంగాలు చేసుకుంటుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు 3 కిలోమీటర్లకు పైగా పొడవు. అలాంటి చోట ఒక బోరు ఇంచులకు ఇంచులు పోస్తుంది, పది అడుగుల అవతలిది దుమ్ము లేపుతుంది. ఇసుక గొట్టం లెక్క అక్కడ పనికిరాదు. 2008లో ఇలాంటి గొట్టపు పారుదలకని మోడ్‌ఫ్లో-2005కు వేరే ప్రక్రియ చేర్చారు. కానీ గుహ ఎటు పోతుందో ముందే తెలియాలి. అందుకే కోవెలకుంట్ల, బనగానపల్లె వైపు సున్నపురాతి నేలకు కట్టిన మోడల్‌ను మండలమంతటి సగటు మట్టానికే వాడాలి, ఫలానా సర్వే నంబరులో బోరు వెయ్యమని చెప్పడానికి వాడకూడదు.

ఈ పని మొదలుపెట్టే విద్యార్థులకు నేను చెప్పేది ఇంతే. జిల్లా మొత్తం జోలికి పోవద్దు. గట్టిరాయి నేలలో, మహేశ్వరం అంత చిన్నదైన ఒక వాగు పరీవాహకం తీసుకోండి. పక్కన కె.సి. కాలువ ఉంటే అది పారే నెలలు, ఆగే నెలలు నది ప్యాకేజీలో వేరువేరుగా రాయండి. గడచిన ఆరేళ్ళ కొలతల్లో మొదటి ఐదేళ్ళవి ఇచ్చి, ఆరో ఏడు మట్టాన్ని మోడల్‌తో చెప్పించి, బావుల్లో నిజంగా ఎంతుందో పోల్చండి. మీటరు రెండు మీటర్ల తేడాతో కలిస్తే, వచ్చే అక్టోబరులో శనగ ఎంత, వరి ఎంత అని ఊళ్ళో కూర్చున్నప్పుడు ఆ ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్ళండి.